9 నొక్కితే బయటి లైను: ఆఫీసు పీబీఎక్స్‌కు డయలింగ్ అమర్చిన అనుభవం

24 ఎక్స్‌టెన్షన్లు (ఆఫీసు లోపలి ఫోన్లు), టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి వచ్చే 4 అనలాగ్ లైన్లు, ఇంటర్నెట్ మీద ఒకేసారి 8 కాల్స్ మోసే ఒక సిప్ ట్రంకు. (ట్రంకు అంటే ఆఫీసును బయటి ప్రపంచంతో కలిపే లైను, సిప్ అంటే ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే పద్ధతి.) పీబీఎక్స్, అంటే ఆఫీసు ఫోన్లను లోపలా బయటా కలిపే సొంత ఎక్స్ఛేంజి, ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్. దాన్ని బ్రౌజర్‌లోంచి నడపడానికి ఫ్రీపీబీఎక్స్. అనలాగ్ లైన్లు తగిలించడానికి సర్వర్‌లో 4 పోర్టుల కార్డు. నేను అమర్చిన సరంజామా ఇదీ. లోపలి ఫోన్లు ఒకదానికొకటి మోగడానికి ఒక పూట చాలింది. బయటి లైనుకు వారం పట్టింది. ఆ వారాన్ని తిన్నది పరికరాలు కాదు, అంకెల లెక్క.

"9 నొక్కండి, బయటి లైను వస్తుంది" అంటాం గానీ, ఆ 9 ఆఫీసు గోడ దాటకూడని అంకె. ఈ కాల్ లోపలిది కాదు, బయటికి పంపు అని పీబీఎక్స్‌కు చేసే సైగ మాత్రమే అది. మనిషి నొక్కే అంకెలు వేరు, ట్రంకు మీదికి ఎక్కే అంకెలు వేరు. మధ్యలో మూడు చోట్ల వీటికి కత్తెర పడవచ్చు, కొత్త అంకెలు అతుక్కోవచ్చు: ఫోన్ లోపలి డయల్ ప్లాన్‌లో (ఏ అంకెలు ఎప్పుడు పంపాలో చెప్పే నియమాలు), పీబీఎక్స్ అవుట్‌బౌండ్ రూటులో (ఏ నంబరు ఏ ట్రంకు మీద బయటికి పోవాలో చెప్పే నియమం), ఆ రూటు వాడుకునే ట్రంకులో.

మొదటి రోజు తెర ముందు కూర్చుని కనిపించిన పెట్టెలన్నీ నింపుకుంటూ పోయాను. రెండో రోజు అన్నీ చెరిపి, కాగితం మీద పట్టిక గీశాను. నాలుగు నిలువు గళ్లు: మనిషి ఏం నొక్కుతాడు, ఫోన్ ఏం పంపుతుంది, రూటు ఏది కోసి ఏది అతికిస్తుంది, చివరికి ట్రంకు మీద ఏం వెళ్లాలి. అడ్డంగా కాల్ రకాలు: అత్యవసరం, స్థానికం, దేశం లోపల దూరప్రాంతం, సెల్, టోల్‌ఫ్రీ, అంతర్జాతీయం. నాలుగో గడి మాత్రం మనం ఊహించి నింపేది కాదు. నంబరు ముందు ప్లస్ గుర్తు కావాలా, దేశం కోడ్ కావాలా, సున్నా కావాలా అని ట్రంకు ఇచ్చేవాళ్లను అడిగి, వాళ్ల జవాబు రాతలో తీసుకోవాలి. అనలాగ్ లైన్లకు ఒక రూపం, సిప్ ట్రంకుకు మరో రూపం కావాలంటారు. అందుకే ఆ గడిని రెండుగా చీల్చాను.

ఎక్స్‌టెన్షన్ నంబర్లే మొదటి ఉచ్చు

మూడంకెల ఎక్స్‌టెన్షన్లు అనగానే అందరి చేయీ 101 మీదికే పోతుంది. అక్కడి నుంచి వరసగా ఇచ్చుకుంటూ పోతే పన్నెండో మనిషి ఫోను 112. చాలా దేశాల్లో అది అత్యవసర నంబరు. ఎవరో కంగారులో 112 నొక్కితే గుమాస్తా బల్ల మీద ఫోను మోగుతుంది. మీ దేశంలో 100, 101, 108 లాంటివి వాడుకలో ఉంటే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. నేను 201 నుంచి 224 వరకు ఇచ్చాను. 1తో మొదలయ్యేవన్నీ ఖాళీగా వదిలేశాను.

బయటి లైనుకు 9 పెడితే 9తో మొదలయ్యే ఎక్స్‌టెన్షన్ ఒక్కటి కూడా ఉండకూడదు. 0 పెడితే ఆపరేటరుకు ఇంకో అంకె చూడాలి. 0లో ఇంకో చిక్కు కూడా ఉంది. దేశం లోపల దూరప్రాంత కాల్స్‌కు ముందు 0, విదేశాలకు 00 వాడే చోట మనిషి 000 నొక్కాల్సి వస్తుంది. ఎన్నో సున్నా ఎవరికోసమో వాళ్లకే గుర్తుండదు. ఒకటి తగ్గితే విదేశీ నంబరు కాస్తా దేశంలో ఎవరి ఇంటికో పోతుంది. 9లో కూడా మెలిక లేకపోలేదు. అత్యవసర నంబరు 911 అయ్యి, దూరప్రాంతానికి ముందు 1 నొక్కే అలవాటు ఉన్న చోట, 9 తర్వాత 1 రెండుసార్లు పడిందా, కాల్ నేరుగా 911కి వెళ్తుంది. అలాంటి చోట 8కి మారడమే నయం.

అసలు ఈ ముందంకె అవసరమా? పాత పీబీఎక్స్‌లో అవసరమే. అంకెలు ఒక్కొక్కటే వచ్చేవి, మొదటి అంకె పడగానే లోపలా బయటా అని తేల్చుకోవాలి. నెట్‌వర్కు మీద నడిచే ఐపీ ఫోన్ నంబరు మొత్తాన్ని ఒకేసారి పంపుతుంది. మూడంకెలైతే లోపలిది, పదైతే బయటిది అని పొడవు చూసి పీబీఎక్స్ చెప్పగలదు. నా మటుకు నేను ముందంకె లేని పద్ధతికే ఓటేస్తాను. కానీ ఏళ్ల తరబడి 9 నొక్కిన వేళ్లు ఒక్కరోజులో మారవు. కాబట్టి రెండూ పనిచేసేలా పెట్టాను. 9తో వచ్చినా వెళ్తుంది, లేకపోయినా వెళ్తుంది. ఈ నిర్ణయం తర్వాత ఎందుకు అక్కరకొచ్చిందో కింద చెబుతాను.

లైన్లు ఎన్ని

రద్దీ గంటలో ఒక్కొక్కరు 3 నిమిషాలు బయటికి మాట్లాడతారనుకుంటే 24 మందికి 72 నిమిషాలు. గంటకు 60 నిమిషాలు గనక అది 1.2 ఎర్లాంగ్ (గంటంతా నిండిన ఒక లైను 1 ఎర్లాంగ్). 1917లో ఎ.కె. ఎర్లాంగ్ ప్రచురించిన సూత్రం ప్రకారం ఈ బరువుకు 3 లైన్లుంటే నూటికి 9 కాల్స్‌కు లైను దొరకదు, 4 ఉంటే 2.6 కాల్స్‌కు, 5 ఉంటే 0.6కు. ఇక్కడిదాకా చూసి 4 చాలనిపిస్తుంది. అయితే లోపలికి వచ్చే కాల్స్ కూడా ఈ లైన్ల మీదే వస్తాయి. అవీ అంతే అనుకుని 2.4 ఎర్లాంగ్ పెడితే, అవే 4 లైన్ల మీద నూటికి దాదాపు 14 కాల్స్ వెనక్కి తిరుగుతాయి. బరువు రెట్టింపైతే ఇబ్బంది ఐదు రెట్లయింది. సిప్ ట్రంకు ఎందుకని అడిగినవాళ్లకు ఈ లెక్కే చూపించాను.

అనలాగ్ వైపు

ఎఫ్‌ఎక్స్‌ఓ, ఎఫ్‌ఎక్స్‌ఎస్ అనే రెండు పేర్ల దగ్గర తడబడని కొత్తవాడు ఉండడు. ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టు ఎక్స్ఛేంజి ఎదుట ఫోనులా నటిస్తుంది. బయటి లైను దీనికే తగిలించాలి. ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్టు మామూలు ఫోను ఎదుట ఎక్స్ఛేంజిలా నటిస్తుంది, కరెంటు ఇస్తుంది, బెల్లు మోగిస్తుంది. బయటి లైను తెచ్చి ఎఫ్‌ఎక్స్‌ఎస్‌లో గుచ్చితే రెండు వైపులా కరెంటు ఎదురెదురవుతుంది, కార్డు పాడవ్వొచ్చు. గుచ్చే ముందు మల్టీమీటరు పెట్టి చూడండి. ఖాళీగా ఉన్న లైను మీద సుమారు 48 వోల్టుల డీసీ ఉంటుంది. ఫోను ఎత్తితే బాగా పడిపోతుంది, పది లోపుకు. బెల్లు మోగేటప్పుడు 75 నుంచి 90 వోల్టుల దాకా ఏసీ వస్తుంది కాబట్టి ఒట్టి వేళ్లతో వైరు చివర్లు పట్టుకోవద్దు.

ఇంకో తిరకాసు: ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టుకు కాన్ఫిగరేషన్‌లో ఎఫ్‌ఎక్స్‌ఎస్ సిగ్నలింగ్ అని రాయాలి. తప్పు అచ్చనిపిస్తుంది గానీ కాదు. అవతలి కొస ఎలా మాట్లాడుతుందో దాన్ని బట్టి సిగ్నలింగ్‌కు పేరు పెట్టారు. పోర్టు పేరు చూసి ఎఫ్‌ఎక్స్‌ఓ అని రాస్తే పోర్టు లేవదు.

మొదటి కాల్స్‌లో నంబరు తప్పు పోయేది. పది అంకెలు పంపితే ఎక్స్ఛేంజికి తొమ్మిదే అందేవి. కార్డు లైను ఎత్తీ ఎత్తగానే, డయల్ టోన్ రాకముందే, మొదటి అంకె పంపేస్తోంది. మనిషైతే టోన్ విని నొక్కుతాడు. కార్డుకు ఆ ఓపిక మనం నేర్పాలి. నంబరు ముందు చిన్న అక్షరం డబ్ల్యూ చేరిస్తే అర సెకను ఆగుతుంది. రెండు డబ్ల్యూలు, అంటే ఒక సెకను ఆగితే, నాలుగు లైన్ల మీదా సరిపోయింది. ఇది ట్రంకు దగ్గరే చేర్చాలి. రూటులో పెడితే అదే రూటు సిప్ ట్రంకు మీదికి మళ్లినప్పుడు ఆ అక్షరం కూడా నంబరులో భాగమై పోయి కాల్ చెడుతుంది.

లైను పెట్టేసిన సంగతి తెలియకపోవడం అనలాగ్‌కు పాత జబ్బు. అవతలి మనిషి ఫోను పెట్టేశాడని ఎక్స్ఛేంజి మూడు రకాలుగా చెప్పగలదు: లైను కరెంటును క్షణం పాటు తెంచడం, ప్లస్సు మైనస్సులను తారుమారు చేయడం, లేదా ఊరికే బిజీ టోన్ వినిపించడం. మొదటి రెండూ ఉంటే అదృష్టమే. టోన్ ఒక్కటే వస్తుంటే బిజీ డిటెక్ట్ ఆన్ చేసి, ఎన్ని టోన్లు విన్నాక లైను వదలాలో చెప్పాలి. టోన్ తీరు దేశానికో రకం. ఉత్తర అమెరికాలో 480, 620 హెర్ట్జ్‌లు కలిపి అర సెకను మోగి అర సెకను ఆగుతుంది. యూరప్‌లో చాలాచోట్ల 425 హెర్ట్జ్ ఒక్కటే. మీ లైను మీది టోన్ రికార్డు చేసి, మోగే కాలం, ఆగే కాలం మిల్లీసెకన్లలో కొలిచి అదే రాయండి. లెక్క 2కి పెడితే లైను త్వరగా వదులుతుంది, కానీ అవతలివాళ్లు హోల్డ్‌లో పెట్టి వినిపించే సంగీతాన్ని కూడా బిజీ అనుకుని మధ్యలో తెంచేస్తుంది. 4కు పెంచాక తగ్గింది. ఇది సరిచేయకపోతే ఏం జరుగుతుందంటే, మధ్యాహ్నానికల్లా నాలుగు లైన్లూ "వాడుకలో" ఉంటాయి, మాట్లాడేవాడు ఒక్కడూ ఉండడు.

లోపలికొచ్చే కాల్, బయటికెళ్లే కాల్ ఒకే లైను మీద ఢీకొనడం ఇంకోటి. బెల్లు మోగబోయే క్షణంలోనే పీబీఎక్స్ ఆ లైను ఎత్తితే, బయటికి నంబరు నొక్కినవాడికి అనుకోని మనిషి "హలో" వినిపిస్తుంది. దీనికి తేలిక మందు: ఎక్స్ఛేంజి 1వ లైను నుంచి 4వ లైను వైపు కాల్స్ పంపుతుంటే, మనం 4 నుంచి 1 వైపు వాడుకోవడం. ఆస్టరిస్క్‌లో గ్రూపు నంబరు ముందు చిన్న అక్షరం జీ ఉంటే కింది నుంచి పైకి, పెద్ద అక్షరం జీ ఉంటే పై నుంచి కిందికి వెతుకుతుంది. ఒక్క అక్షరం మారిస్తే అయిపోయింది.

అవతలివాడు ఎత్తాడో లేదో మామూలు అనలాగ్ లైను చెప్పదు. అంకెలు పంపడం పూర్తికాగానే కాల్ "ఎత్తారు" అని ఆస్టరిస్క్ రాసుకుంటుంది. రెండు తలనొప్పులు ఇక్కడి నుంచే. కాల్ రికార్డుల్లో నిమిషాలు ఎక్కువ కనిపిస్తాయి, మోగిన సమయం కూడా అందులో కలుస్తుంది కాబట్టి. పైగా అనలాగ్ లైను మీద డయల్ చేశాక ఎక్స్ఛేంజి "ఈ రూటులో రద్దీగా ఉంది" అని చెప్పినా పీబీఎక్స్ దృష్టిలో అది విజయవంతమైన కాలే, తర్వాతి ట్రంకుకు మారదు. ప్లస్సు మైనస్సు తారుమారు చేసే సౌకర్యం ఎక్స్ఛేంజిలో ఉంటే, ఎత్తినప్పుడు కూడా అది వస్తుందేమో అడిగి ఆన్ చేయించుకోండి.

రూట్లు

ఫ్రీపీబీఎక్స్‌లో అవుట్‌బౌండ్ రూటుకు నాలుగు పెట్టెలు: ముందు అతికించేది, కోసేసే ముందంకె, సరిపోల్చాల్సిన నమూనా, ఎవరి ఎక్స్‌టెన్షన్‌కు వర్తిస్తుందో. నమూనాలో ఎక్స్ అంటే 0 నుంచి 9 వరకు ఏదైనా, జెడ్ అంటే 1 నుంచి 9, ఎన్ అంటే 2 నుంచి 9. చుక్క అంటే ఇక్కడి నుంచి ఒకటో అంతకంటే ఎక్కువో, ఏ అంకెలైనా సరే.

9ని రెండో పెట్టెలో పెట్టాలి. మూడో పెట్టెలో, నమూనాలో కలిపి రాస్తే కాల్ రూటుకు సరిపోతుంది, కానీ 9 తెగదు. ట్రంకు మీదికి 9తో సహా వెళ్తుంది. అప్పుడు సిప్ ట్రంకు అవతలి నుంచి 404, అంటే ఆ నంబరు లేదని, వస్తే మంచిదే, తప్పు తెలిసిపోతుంది. అనలాగ్ లైనైతే అలా చెప్పదు, 9తో మొదలయ్యే వేరే నంబరుకు కాల్ కలిపేస్తుంది. దీనికి ఉల్టా పొరపాటు రెండు కత్తెరలు: రూటులో 9 కోశాం, ట్రంకులోనూ "మొదటి అంకె తీసెయ్" అని పాత సెట్టింగు మిగిలిపోయింది. నంబరు తల తెగి వెళ్తుంది. కాబట్టి కోత ఒకే చోట అని నియమం పెట్టుకున్నాను: ముందంకె కోయడం రూటు పని, ట్రంకుకు కావాల్సిన రూపం ఇవ్వడం ట్రంకు పని. ఫోన్ ఏదీ కోయకూడదు. ఫ్రీపీబీఎక్స్ లేకుండా ఆస్టరిస్క్ ఫైళ్లు చేత్తో రాసేవాళ్లు ఎక్స్‌టెన్ (నొక్కిన నంబరుకు అక్కడి పేరు) పక్కన కోలన్, 1 పెడితే మొదటి అంకె తెగుతుంది. సూత్రం అదే.

చుక్కను చూస్తే నాకు భయం. "9 తర్వాత చుక్క" అని ఒకే ఒక రూటు పెడితే అన్నీ పనిచేస్తాయి, ఆ సాయంత్రానికే ఇంటికి పోవచ్చు. కానీ అన్నీ అంటే అన్నీ: విదేశాలు, నిమిషానికి రుసుం గుంజే ప్రత్యేక సర్వీసు నంబర్లు కూడా. పైగా చుక్క ఉన్న చోట అంకెలు ఎప్పుడు అయిపోయాయో తెలియదు. అంకెలు ఒక్కొక్కటే అందుకునే ఫోన్ల విషయంలో పీబీఎక్స్ కాలపరిమితి ముగిసే దాకా ఎదురుచూస్తుంది. సిస్కో కంపెనీ పీబీఎక్స్ అయిన కాల్ మేనేజర్‌లో ఆ గడువు మామూలుగా 15 సెకన్లు. నొక్కినవాడు అంతసేపు నిశ్శబ్దం విని, ఫోను పాడైందని పెట్టేస్తాడు. అందుకే దేశంలోని నంబర్లకు పొడవు కచ్చితంగా రాశాను. పది అంకెల నంబర్లయితే ముందంకె 9, నమూనా ఒక ఎన్, తొమ్మిది ఎక్స్‌లు. మీ దేశంలో నంబరు 1తో మొదలయ్యే వీలుంటే ఎన్ బదులు జెడ్. చుక్కను అంతర్జాతీయ రూటుకు మాత్రమే ఉంచాను, ఎందుకంటే విదేశీ నంబరు పొడవు ఒకటిగా ఉండదు. ఫోన్ నంబర్ల అంతర్జాతీయ ప్రమాణం ఈ.164 ప్రకారం దేశం కోడ్‌తో కలిపి గరిష్ఠం 15 అంకెలు, అంతే.

రూట్ల వరస ముఖ్యం. పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, మొదట సరిపోయిన దాన్నే ఫ్రీపీబీఎక్స్ తీసుకుంటుంది. అత్యవసరం అన్నిటికంటే పైన, తర్వాత నిషేధించిన నంబర్లు, ఆ తర్వాత టోల్‌ఫ్రీ, స్థానికం, దేశీయం, అట్టడుగున అంతర్జాతీయం. నిషేధ రూటుకు ట్రంకు ఇవ్వకుండా వదిలేస్తే కాల్ అక్కడే ఆగుతుంది. అంతర్జాతీయ రూటుకు పాస్‌వర్డు పెట్టి, నాలుగో పెట్టెలో ఐదు ఎక్స్‌టెన్షన్లే ఇచ్చాను.

సిప్ ట్రంకు

రిజిస్ట్రేషన్ (ట్రంకు ఇచ్చేవాళ్ల దగ్గర మన పీబీఎక్స్ నమోదు కావడం) అయిందని తెర మీద పచ్చగా కనిపిస్తే పని అయిపోయినట్టు కాదు. రిజిస్ట్రేషన్ లోపలికొచ్చే కాల్స్ కోసం. బయటికెళ్లే ప్రతి కాల్‌కూ విడిగా పరీక్ష ఉంటుంది. సిప్ సందేశాలు చూపే లాగర్ ఆన్ చేసి చూస్తే మొదట 401 గానీ 407 గానీ కోడ్ రావడం మామూలే, పాస్‌వర్డు అడుగుతోందన్నమాట. దాని తర్వాత 403 వస్తే పాస్‌వర్డు కంటే ముందు కాలర్ ఐడీ (అవతలివాళ్లకు కనిపించే మన నంబరు) చూడండి. మనకు కేటాయించిన నంబరు కాకుండా 207 లాంటి ఎక్స్‌టెన్షన్ నంబరు పంపుతుంటే చాలా సర్వీసులు తిప్పికొడతాయి. ట్రంకులో కాలర్ ఐడీని మన ప్రధాన నంబరుకు బలవంతంగా కట్టేస్తే తీరిపోతుంది. 404, 484 అయితే నంబరు రూపం తేడా, మళ్లీ పట్టిక నాలుగో గడి. 488 అయితే కోడెక్ (మాటను డేటాగా మార్చే పద్ధతి) రెండు వైపులా కుదరలేదు. 503 వస్తే ఎక్కువసార్లు ఛానళ్లు నిండిపోయి ఉంటాయి.

జీ.711 కోడెక్‌తో ఒక కాల్‌కు మాట సెకనుకు 64 కిలోబిట్లే, కానీ సెకనుకు 50 ప్యాకెట్లు, ఒక్కోదానికి 40 బైట్ల తలపాగా (హెడర్). అది కలిపితే 80, ఈథర్‌నెట్ చుట్టుబట్ట కూడా కలిపితే 87. 8 కాల్స్‌కు ఒక్కో దిక్కున 700 కిలోబిట్లు విడిగా పక్కన పెట్టాలి. అప్‌లోడ్ వైపు ఇది మర్చిపోతే, ఎవరో పెద్ద ఫైలు పంపిన ప్రతిసారీ అవతలివాళ్లకు మన గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది.

ఒకవైపు గొంతు మాత్రమే వినిపిస్తే నూటికి తొంభై పాళ్లు నాట్ సమస్యే, అంటే లోపలి చిరునామాలను రౌటర్ బయటి చిరునామాగా మార్చే చోట వచ్చే చిక్కు. పీబీఎక్స్ తన లోపలి చిరునామా రాసి "మాట ఇక్కడికి పంపండి" అంటుంది, ఆ చిరునామా బయటివాళ్లకు చేరేది కాదు. సిప్ సెట్టింగుల్లో బయటి ఐపీ, లోపలి నెట్‌వర్కు రెండూ రాయాలి. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఆపేయాలి. సాయం చేద్దామని మధ్యలో దూరి అంకెలు మార్చేది అదే. మాట కోసం ఆస్టరిస్క్ మామూలుగా వాడే 10000 నుంచి 20000 వరకు యూడీపీ పోర్టులు ఫైర్‌వాల్‌లో చూడాలి.

కాల్ సరిగ్గా 32 సెకన్లకు తెగుతోందంటే వెతుకులాట అక్కర్లేదు. కాల్ ఎత్తారన్న సమాధానానికి తిరుగు రసీదు, అంటే ఏసీకే, చేరడం లేదు. సిప్‌లో మూల గడువు అర సెకను, దానికి 64 రెట్లు ఓపిక పట్టి కాల్ తెంచేస్తారు. ఇదీ తప్పుడు చిరునామా వల్లే. 15 నిమిషాలకో 30 నిమిషాలకో తెగుతుంటే సెషన్ టైమర్ల (కాల్ ఇంకా బతికే ఉందా అని మధ్యలో చూసుకునే గడువుల) వైపు చూడండి.

ఫోన్‌లోనూ ఒక మెదడు

పీబీఎక్స్‌లో అన్నీ సరిగ్గా ఉన్నా, 9 నొక్కి ఇంకో రెండు అంకెలు పడగానే కొన్ని ఫోన్లు కాల్ పంపేసేవి. ఎక్స్‌టెన్షన్లు మూడంకెలని ఫోన్‌కు ఎవరో చెప్పారు, 9 సంగతి చెప్పలేదు. ఫోన్ డయల్ ప్లాన్‌లో 2తో మొదలయ్యే మూడంకెలు వెంటనే పంపు, 9తో మొదలైతే ఇంకా ఆగు అని రాయాలి. సిస్కో ఎస్‌పీఏ రకం ఫోన్లలో 9 పక్కన కామా పెడితే రెండో డయల్ టోన్ కూడా వినిపిస్తుంది. పాత అలవాటున్నవాళ్లకు ఆ టోన్ వినకపోతే మనసొప్పదు. ఆ ఫోన్లలో అంకెల మధ్య గడువు మామూలుగా ఇంకా పూర్తికాని నంబరుకు 10 సెకన్లు, పూర్తయి ఇంకా పెరగగల నంబరుకు 3 సెకన్లు. మొదటిదాన్ని 6కు తగ్గించాను. తొందరున్నవాళ్లు చివర హ్యాష్ నొక్కితే సరి.

ఇక ముందంకె లేకున్నా వెళ్లేలా పెట్టానన్న మాట. మిస్డ్ కాల్ జాబితాలో నంబర్లు 9 లేకుండా ఉంటాయి, బయటివాడు మన 9తో రాడు కదా. దాన్ని నొక్కి తిరిగి కాల్ చేస్తే 9 మాత్రమే తెలిసిన పీబీఎక్స్ "ఈ నంబరు లేదు" అంటుంది. ఆఫీసులో రోజూ వచ్చే ఫిర్యాదు ఇదే. వచ్చే కాలర్ ఐడీకి ముందు 9 అతికించడం ఒక దారి. అప్పుడు తెర మీద నంబరు వింతగా కనిపిస్తుంది, సెల్ యాప్‌లోని పేర్లతో కలవదు. ప్రతి రూటుకూ 9 లేని నమూనా ఇంకో వరసగా చేర్చడం నాకు నచ్చిన దారి. ప్లస్‌తో మొదలయ్యే నంబర్లకూ ఒక వరస పెట్టండి. సెల్ నుంచి కాపీ చేసిన కాంటాక్టులన్నీ ఆ రూపంలోనే ఉంటాయి. అంతర్జాతీయ పాస్‌వర్డును తప్పించుకునే దొడ్డిదారి కాకుండా, స్వదేశం కోడ్ ఉన్న ప్లస్ నంబర్లను దేశీయ రూటుకు, మిగతావాటిని అంతర్జాతీయ రూటుకు విడదీయాలి.

అత్యవసర నంబరు

9తోనూ, 9 లేకుండానూ వెళ్లాలి. పాస్‌వర్డు అడగకూడదు. లాబీలో ఉన్న, బయటి కాల్స్ మూసేసిన ఫోను నుంచి కూడా వెళ్లాలి. అమెరికాలో కారీ చట్టం ప్రకారం 2020 ఫిబ్రవరి 16 తర్వాత అమ్మిన, అమర్చిన ఆఫీసు, హోటల్ ఫోను వ్యవస్థలన్నిటిలో ముందంకె లేకుండా 911 నేరుగా కలవాలి, ఎవరో ఆ నంబరుకు చేశారని రిసెప్షన్ లాంటి చోటికి సమాచారం కూడా అందాలి. చట్టం ఉన్నా లేకపోయినా ఇది చేయాల్సిన పనే. ఈ రూటుకు ట్రంకుల వరసలో అనలాగ్‌ను ముందు పెట్టాను. ఇంటర్నెట్ పోయినా పనిచేస్తుంది, లైను ఏ భవనానిదో ఎక్స్ఛేంజికి తెలుసు. నాలుగూ బిజీగా ఉంటే సిప్. కరెంటు పోతే లైను బతికి ఉన్నా పీబీఎక్స్, ఫోన్లకు కరెంటిచ్చే స్విచ్ బతకవు. వాటిని యూపీఎస్ మీద పెట్టి, ఒక పాత మామూలు ఫోనును 1వ లైనుకు నేరుగా తగిలించాను. పరీక్ష కోసం ఊరికే ఆ నంబరుకు చేసేయకండి. ముందు వాళ్ల సాధారణ నంబరుకు చేసి, ఫలానా సమయానికి పరీక్షిస్తామని అనుమతి తీసుకోవాలి. అంతకుముందు రూటు సరిగ్గా పోతోందా అన్నది, ఆ నమూనాకే తాత్కాలికంగా సెల్ నంబరు తగిలించి చూసుకోవచ్చు.

దొంగ దారులు

ట్రంకు నుంచి లోపలికొచ్చే కాల్స్‌ను పొరపాటున లోపలి ఫోన్ల కాంటెక్స్టులో (కాల్ ఏ నంబర్లకు పోవచ్చో తేల్చే నియమాల గుంపులో) పెడితే, బయటివాడికి మన 9 చేతికిచ్చినట్టే. ఈ ఒక్క పదం రెండుసార్లు చూసుకోవాలి. ఎక్స్‌టెన్షన్ 205కు పాస్‌వర్డు కూడా 205 పెట్టే అలవాటు ఇంకోటి. సిప్ వాడే 5060 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే ఇలాంటివి వెతికే ప్రోగ్రాములు వచ్చి తలుపులు తడుతూనే ఉంటాయి. తప్పుడు పాస్‌వర్డులతో మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లను అడ్డుకునే ఫెయిల్2బ్యాన్ పెట్టడం అవసరమే, అంతకంటే ముందు బయటి నుంచి రిజిస్టరు చేసుకునే వీలు మూసేయడం మేలు. ఎక్స్‌టెన్షన్‌ను బయటి నంబరుకు ఫార్వర్డ్ చేసే సౌకర్యం ఐదుగురికే ఉంచాను. లోపలికొచ్చిన కాల్‌ను మళ్లీ బయటికి బదిలీ చేస్తే రెండు లైన్లు పోతాయి, అనలాగ్ మీదైతే రెండూ వదలకుండా ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. రాత్రులు, సెలవుల్లో అంతర్జాతీయ రూటు టైమ్ గ్రూపుతో ఆగుతుంది. ఇవన్నీ మన వైపు తాళాలు. ట్రంకు ఇచ్చేవాళ్ల వైపు కూడా అవసరం లేని దేశాలు మూయించి, రోజువారీ పరిమితి పెట్టించాలి.

పరీక్షలకు మళ్లీ అదే పట్టిక. ప్రతి అడ్డవరసనూ మూడు ఎక్స్‌టెన్షన్ల నుంచి చేశాను: అన్ని హక్కులున్నది, మామూలుది, లాబీది. కాల్ కలిసిందా అన్నది సగం పరీక్షే, కలవకూడనివి కలవలేదా అన్నది మిగతా సగం. కలిసిన ప్రతి కాల్‌లోనూ అవతలి మెనూలో అంకెలు నొక్కి చూడాలి. మాట వినిపిస్తూ, "1 నొక్కండి" అన్నప్పుడు ఏమీ జరగకపోతే డీటీఎంఎఫ్ (నొక్కిన అంకెల టోన్లు) పంపే పద్ధతి రెండు వైపులా ఒకటి కాదు. అంకెలను మాటతో కలపకుండా విడిగా పంపే ఆర్‌ఎఫ్‌సీ 4733 పద్ధతికి రెండు వైపులా తెచ్చాను. టోన్‌ను మాటతో కలిపి పంపే పద్ధతి జీ.729 లాంటి కుదించే కోడెక్‌లో నమ్మదగింది కాదు, టోన్ వంకరపోతుంది.

చివరిదాకా తేలనిది మనిషి లేని ఫోను: దొంగల అలారం పెట్టె. దాని లోపల ఎవరో ఎప్పుడో కొట్టిన నంబరుకు 9 ఉండదు, పాస్‌వర్డు అడిగితే చెప్పదు, టోన్లు కాస్త వంకరైతే మళ్లీ మళ్లీ డయల్ చేస్తూ లైను పట్టుకుంటుంది. దాన్ని పీబీఎక్స్ వెనక్కి తెచ్చే ప్రయత్నం మానేశాను. 4వ అనలాగ్ లైనును కార్డు పోర్టుకు వెళ్లేముందు ఆ పెట్టెలోంచి తిప్పాను. అలారం మోగితే పెట్టె కార్డును పక్కకు తోసి లైను తీసుకుంటుంది. అప్పుడు ఆ లైను మీద ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ల కాల్ తెగిపోతుంది. మనం బయటికి వెతకడం మొదలుపెట్టేది కూడా 4 నుంచే కాబట్టి ఈ దెబ్బ తరచుగా తగిలేది. వరసను 3, 2, 1 చేసి, 4ను ఆఖరున వాడేలా విడి గ్రూపులో పెట్టాక తగ్గింది.